నానమ్మ నోరు విడిచిన నలభై రోజులు

నా చిన్నప్పుడు మేము ఉన్న ఇల్లు ఎక్కడుండేదో ఇప్పుడు ఎవరికీ చూపించలేను. రాయదుర్గం మెట్రో మెట్లు దిగి, అద్దాల మేడల మధ్య పగలగొట్టకుండా మిగిల్చిన ఒక్క గుండురాయిని ఆనవాలుగా పెట్టుకుని అడుగులు లెక్కపెడితే, మా వాకిలి ఒక ఆఫీసు కింద కార్లు నిలిపే చోటికి పోతుంది. రెండుసార్లు కొలిచాను. రెండుసార్లూ అక్కడికే పోయింది. రెండోసారి కాపలా మనిషి దగ్గరికి వచ్చి, "ఎవల కోసం సూస్తున్నవమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. మా అమ్మ కోసం అని నోటిదాకా వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి అలా అంటే బాగుండదని, ఎవరూ లేరు నాయనా అని చెప్పి మణికొండ ఆటో ఎక్కేశాను.

మణికొండలో మా ఇంట్లో నన్ను లెక్కల మనిషి అంటారు. ఎవరి పెళ్లి ఏ వారం పడిందో, మా మనవరాలికి మొదటి పన్ను ఏ తేదీన వచ్చిందో నన్నే అడుగుతారు. నా కోడలిది కాకినాడ. "అత్తయ్యా, మీరు క్యాలెండరు మింగేసి పుట్టారండి" అని నవ్వుతుంది. పుట్టుకతో రాలేదు నాకీ అలవాటు. తొమ్మిదో ఏట వచ్చింది. మనిషి కోసం ఎదురుచూసేవాళ్లకు రోజులు లెక్కపెట్టడం తప్ప వేరే పని ఉండదు.

మా నాయన బండలు కొట్టే పనికి పోయేవాడు. ఇప్పుడు మేడలున్న ఈ నేల అంతా అప్పుడు గుట్టలూ గుండ్లూ సీతాఫలం చెట్లూ. ఇంట్లో నాయన, అమ్మ, నానమ్మ, నేను, ఎనిమిది నెలల చెల్లెలు. మాది దేవుణ్ణి నమ్ముకున్న కుటుంబం. అందరికంటే ఎక్కువ నమ్ముకున్నది నానమ్మ. చిన్న రాతి చర్చి మాది, గుడి అనేవాళ్లం. ఆదివారం అందరికంటే ముందు పోయి చాపలు పరిచేది ఆమే. గంట కొట్టే మనిషి ఆలస్యం చేస్తే గంట కొట్టేది కూడా ఆమే. కన్నీళ్లతో ప్రార్థన చేసేది. ఇంటికి వచ్చి గడప దాటగానే మాత్రం నోరు మొదలయ్యేది. అమ్మ ఊడిస్తే, "నువ్వూడ్సినంక దుమ్ము గూడ నవ్వుకుంట కూసుంటది" అనేది. చెల్లెలికి అమ్మ నీళ్లు పోస్తే, "పిల్లను కడుగుతున్నవా, కుండను కడుగుతున్నవా?" అనేది. అమ్మ చేసే పని కొంచెం నెమ్మదిగా చేసేది, అంతే.

ఆ ఏడు క్రిస్మస్ బుధవారం పడింది. మధ్యాహ్నం మా ఇంట్లో పదకొండు మంది బంధువులు భోజనానికి కూర్చున్నారు. అమ్మ తెల్లవారకముందే లేచి ఒక్కతే వండింది. ఆ వానాకాలంలోనే అమ్మ వాళ్ల అమ్మ చనిపోయింది. తల్లి లేని మొదటి పండుగ అది. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. నానమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అందరూ వినేటట్టు, "గిది కూరనా? తల్లి నేర్పకుంటనే సచ్చిపాయె, ఇగ ఈమెకు ఎవలు నేర్పాలె?" అంది.

ఎవరూ నవ్వలేదు. అమ్మ చేతిలో ఉన్న గంటెను మూత మీద పెట్టి, చేతులు కడుక్కుని, పెరట్లోకి వెళ్లింది. ఆ గంటెను తిరిగి ముట్టుకోలేదు. డిసెంబరు ఇరవై తొమ్మిది, ఆదివారం, ఆరాధన అయ్యాక మేనమామ వచ్చాడు. చెల్లెల్ని చంకన వేసుకుని అమ్మ పుట్టింటికి బయలుదేరింది. నాకు బడి ఉందని నన్ను వదిలింది. నా తల మీద చేయి పెట్టి, "నాల్గు రోజులల్ల వస్త" అంది. నాలుగో రోజు గురువారం. ఆ గురువారం రాలేదు. ఆ తర్వాతి గురువారం కూడా రాలేదు.

నాయన రెండుసార్లు పోయి రెండుసార్లూ ఒక్కడే తిరిగి వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు చెప్పులు విడుస్తూ నానమ్మతో అన్న మాట నేను విన్నాను. "నా మీద ఆమెకు కోపం లేదంట. నీ ముంగట మళ్ల గంటె పట్టలేనంటున్నది." నానమ్మ, "పట్టకుంటె పాయె, నాకు చేతుల్లేవా" అని గట్టిగానే అంది గానీ ఆ పూట తాను వండినది తాను తినలేదు.

మా గుడిలో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే ప్రభువు పేర అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. మనిషితో తెగని తగాదా పెట్టుకుని ఆ రొట్టెను ముట్టకూడదని మా పెద్దలు చెప్పేవారు. జనవరి ఐదున నానమ్మ దాని కోసం లేవలేదు. ఫిబ్రవరి రెండునా లేవలేదు. చాపలు పరిచిన మనిషి, ఆ చాప మీదే తల వంచుకుని కూర్చుంది. అందరూ ఆమెను దాటుకుని ముందుకు పోతుంటే నాకు సిగ్గు వేసింది. ఆమెకు ఏమనిపించిందో అడిగే వయసు కాదు నాది.

ఫిబ్రవరి పన్నెండు, భస్మ బుధవారం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలకు అది మొదటి రోజు. అమ్మ వెళ్లి అప్పటికి నలభై అయిదు రోజులు. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు గుడి బయట నిలబడి, ఈ నలభై రోజులు ఎవరేమి విడిచిపెడతారో చెప్పుకుంటున్నారు. ఒకామె మాంసం అంది. ఒకామె చాయ అంది. ఇంకొకామె వక్కపొడి అని చెప్పి, చెప్పినందుకు అప్పుడే బాధపడింది. నానమ్మ వంతు వచ్చింది.

"నేను నోరు ఇడుస్త" అంది.

మా పక్కింటి అక్క ఊరుకునే మనిషి కాదు. "నువ్వు నోరు ఇడిస్తే మాకు పొద్దుపొడ్సింది ఎట్ల తెలుస్తది పెద్దమ్మా? కోడిని గూడ కోసుకుతింటిమి" అంది. అందరూ పగలబడి నవ్వారు. నానమ్మ తిరిగి ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి కూడా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా చేయి పట్టుకుని ఇంటికి నడిచింది.

ఇంటికి వచ్చాక ఒక చిన్న కుండ, చేటెడు చింతగింజలు తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు లెక్కల పిల్లవు. నా నోట్లకెంచి చెడ్డ మాట వచ్చినప్పుడల్ల ఒక గింజ దీంట్ల ఎయ్యి. నా ముంగట ఎయ్యకు, నాకు కోపమొస్తది. శనివారం నాడు ఎన్నైనయో చెప్పు" అంది.

లెక్క అన్నాక నియమాలు ఉండాలి. నేను అప్పుడే అడిగాను. "మేకను తిడితే లెక్కనా?"

"మేకకు తిట్టు తాకుతదా ఏందే?"

"మేకకు తాకదు. నీ నోట్లకెంచి అయితే వస్తది గదా."

నానమ్మ "మంచిదాన్నే పెట్టుకున్న లెక్కకు" అని, "సరే, మేకను గూడ ఎయ్యి" అంది. ఈ మాట అన్నందుకు గింజ వేయాలా వద్దా అని ఆలోచించి, వేయలేదు.

ఆ బుధవారం సాయంత్రం నుంచి శనివారం దాకా అరవై ఏడు గింజలు. ఆ తర్వాతి వారం తొంభై రెండు. మూడో వారం డెబ్బై ఒకటి. చెప్పినప్పుడల్లా నానమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వినేది. ఆమెకు అక్షరాలు రావు. లెక్క కూడా ఇరవై దాకానే వచ్చు, ఆ పైన మూడిరవైలు, నాలుగిరవైలు అని చెప్పుకునేది. "నాలుగిరవైల పన్నెండా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, "ఇన్నేండ్లు ఎవ్వలు లెక్కపెట్టలే" అనేది.

ఆమె పడిన అవస్థ చూసినదాన్ని నేనొక్కదాన్నే. కోపం వచ్చినప్పుడు గబగబా ఇంటి వెనక గుండురాయి దగ్గరికి పోయి, అనవలసినదంతా ఆ రాయితో అని వచ్చేది. రాయితో అన్నది లెక్కకు వస్తుందా అని అడిగాను. "ఎన్ని అన్నా ఒక్క గింజ ఎయ్యి, జర దయచూడు" అంది. ఒక సాయంత్రం నాయన పని నుంచి రాగానే, "అలసినవా బిడ్డా, నీళ్లు కాగినయ్, పోసుకో" అంది. నాయన అక్కడే ఆగిపోయాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నానమ్మకు పాణం మంచిగ లేదా? దవాఖానకు తీస్కపోవాల్నా?" అని నిజంగానే పరేషాన్ అయ్యి అడిగాడు.

రోజూ తెల్లవారుజామున నానమ్మ మోకాళ్ల మీద ఉండగా నాకు మెలకువ వచ్చేది. చుట్టుపక్కల వాళ్లు వింటారేమో అని గొంతు తగ్గించి ప్రార్థన చేసేది. పక్కనే పడుకున్న నాకు మాత్రం అంతా వినపడేది. ఒకరోజు ఇలా అంది. "ప్రభువా, నా కోడలు పిల్లకు ఇయ్యనీకి నా తాన ఏమున్నది? నగ లేదు, పట్టుచీర లేదు. ఉన్నదల్ల నేనే. గిట్లున్న నన్ను ఎట్ల ఇయ్యాలె? జర బాగుజేసి ఇయ్యి."

తొమ్మిదేళ్ల నేను ఆ ప్రార్థనను లెక్కలోకి మార్చుకున్నాను. నలభై రోజులు పూర్తి కావాలి. గింజలు సున్నాకు రావాలి. అప్పుడు బాగైన నానమ్మను దేవుడు అమ్మకు ఇస్తాడు. అమ్మ ఇంటికి వస్తుంది. నానమ్మ ఎప్పుడూ నాకు ఆ మాట ఇవ్వలేదు. నేనే రాసుకున్నాను ఆ ఒప్పందం. పలక మీద ఒక్కొక్క రోజూ గీసుకుంటూ పోతే నలభయ్యో గీత మట్టల ఆదివారం మీద పడింది, అంటే ఈస్టరుకు ముందు ఆదివారం. ఖర్జూరపు మట్టలు పట్టుకుని పాటలు పాడుతూ ఊరు చుట్టే పండుగ. అమ్మ రావడానికి అంతకంటే మంచి రోజు ఏముంటుంది అనుకున్నాను.

అయితే గింజలు నేను అనుకున్నంత త్వరగా తగ్గడం లేదు. నాలుగో వారం కుండలో యాభై ఎనిమిది ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం ఎవరూ చూడకుండా ముప్పై ఎనిమిది తీసి నా బడి సంచిలో వేసుకున్నాను. శనివారం నానమ్మ అడిగితే, ఇరవై అని చెప్పాను. నానమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. అయిదో వారం నలభై ఒకటి ఉంటే ముప్పై రెండు తీసేసి, తొమ్మిది అన్నాను. ఆరో వారం ముప్పై ఉంటే ఇరవై ఎనిమిది తీసేసి, రెండు అన్నాను. సున్నా అని చెప్పడానికి ధైర్యం చాలలేదు. మొత్తం తొంభై ఎనిమిది గింజలు. నా జీవితంలో తప్పుడు లెక్క చెప్పింది ఆ మూడు శనివారాలే. తెలిసి చెప్పింది అని సరిచేస్తున్నాను.

మార్చి ఇరవై రెండు, మట్టల ఆదివారం. అమ్మ వెళ్లి ఎనభై నాలుగు రోజులు. ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు ఉండటం నాకు దేవుడు అదనంగా వేసిన శిక్షలా అనిపించింది. గుడి నుంచి ఊరేగింపు బయలుదేరితే నేను అందులో నడవలేదు. మట్ట పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాను, హఫీజ్‌పేట్ స్టేషను వైపు నుంచి వచ్చే బాట కనపడేటట్టు. రైలు దిగి నడిచి వచ్చేవాళ్లు ఒక గంటకు మా గుట్ట దగ్గర కనపడతారు. ఉదయం బండికి వచ్చిన వాళ్లు నలుగురు కనపడ్డారు. నలుగురూ మగవాళ్లే. మధ్యాహ్నం ఒక ఆడమనిషి చంకన పిల్లతో కనపడింది. పరుగెత్తాను. సగం దూరం పోయాక ఆమె నడక చూసి అమ్మ కాదని తెలిసింది. అయినా ముఖం కనపడేదాకా పోయాను. ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుకు తిరిగి నవ్వలేకపోయాను, పాపం.

పొద్దు వాలాక నానమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. "ఇంట్లకు రా బిడ్డా. పొద్దటి సంది ఏం తినలే" అంది.

అప్పటికి నా చేతిలోని మట్ట ఆకులన్నీ తుంచేశాను. "నలభై రోజులైనయ్. ఇయ్యాల్టికి సరిగ్గ నలభై. అమ్మ ఎందుకు రాలే?" అని అరిచాను. "నువ్వు బాగుకాలే. అందుకే రాలే. నేను గింజలు తీసేసిన గూడ రాలే!"

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. ఇక దెబ్బ పడుతుందనుకున్నాను.

"ఎరికె" అంది నానమ్మ.

నేను నమ్మలేదు. ఎలా తెలుసని అడిగాను. "అన్నది నేను గదనే? మొన్న సోమవారం ఒక్కనాడే పది దాటినయ్. వారమంత గల్సి రెండెట్ల అయితయ్?" అంది. గద్దింపు లేదు గొంతులో. కింద బండ మీద కూర్చుని నన్ను ఒడిలోకి లాక్కుంది. ఆదివారాలు పండుగ రోజులనీ, శ్రమల దినాల లెక్కలోకి రావనీ, ఈస్టరు దాకా పట్టుకుంటే నలభై ఆరు రోజులు, అందులోంచి ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై అవుతాయనీ చెప్పింది. లెక్కల పిల్లను, ఆదివారాలు తీసేయడం మరిచాను. చదువురాని మనిషికి తెలిసిన లెక్క నాకు తెలియలేదు. ఇంకా ఆరు రోజులున్నాయన్న మాట అని నాకు ప్రాణం లేచి వచ్చింది. అది నా ముఖంలో చూసినట్టుంది. నానమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆరు దినాలైనంక గూడ రాకపోవచ్చు. ఇన్ను బిడ్డా. నేను గిది బేరానికి చేస్తలేను. నేను మంచిగైత, నా కోడలిని నాకు ఇయ్యి అని దేవునితోని అనలే. ఆమె వచ్చినా రాకున్నా నేను మారాలె. నీకు గూడ గీ నానమ్మనే గద దొరికింది. మీ నాయినకు గీ తల్లే గద."

"గింజలు తీసేస్తే కుండ ఖాళీ అయితది. నేను కాను" అంది.

నేను సంచిలోంచి తొంభై ఎనిమిది గింజలూ తెచ్చి ఆమె కొంగులో పోశాను. ఆమె వాటిని ఎంచలేదు. వెళ్లి కుండలో పోసి వచ్చింది. ఆ కుండలో ఆరు వారాలవీ కలిపి మూడు వందల యాభై తొమ్మిది ఉండాలి.

ఆ వారం శనివారం, ఈస్టరుకు ముందు రోజు, నన్ను తీసుకుని హఫీజ్‌పేట్‌లో రైలెక్కింది. శంకరపల్లిలో దిగి, అక్కడి నుంచి మూడు మైళ్లు నడక. అమ్మ వాళ్ల ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేచింది. నా వెనక నానమ్మను చూసి చేట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నేను వెళ్లి అమ్మ నడుము పట్టుకున్నాను. అమ్మ ఒక చేత్తో నా తల నిమిరింది గానీ చూపు నానమ్మ మీదే ఉంది.

ఇంట్లో తాత, మేనమామ, ఆయన భార్య ఉన్నారు. తాత మంచం వాల్చి కూర్చోమన్నాడు. నానమ్మ కూర్చోలేదు. "నలుగురి ముంగట అన్న. నలుగురి ముంగటనే అడగాలె" అంది. అందరి వైపూ కాక అమ్మ వైపే చూస్తూ, "బిడ్డా, సచ్చిపోయిన మీ అమ్మను అనరాని మాట అన్న. నా అసుంటి నోరు ఇంట్లుంటే ఎవ్వలకు అన్నం సయించదు. దేవుని ముంగట తప్పు ఒప్పుకున్న. ఇప్పుడు నీ ముంగట ఒప్పుకుంటున్న" అంది. మేనమామ, "ఇప్పుడు తీస్కపోనీకి వచ్చి గిట్ల..." అని మొదలుపెట్టాడు. "తీస్కపోనీకి రాలే బిడ్డా" అంది నానమ్మ. "చెప్పి పోనీకి వచ్చిన. మూడు గంటల బండికి పోత."

అది విని నేను అమ్మను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. తీసుకుపోవడానికి కాకపోతే ఎందుకు వచ్చినట్టు?

ఇంటికి వచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా పంపే అలవాటు మాలో లేదు. అమ్మే వండింది. పప్పుచారు, వంకాయ కూర. నానమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను నా ముద్ద పెట్టుకున్నాను. వంకాయలో ఉప్పు లేదు. క్రిస్మస్ నాటి కూరలాగే, అసలు వేయనే లేదు. నేను నమలడం ఆపేశాను. నానమ్మ ఏమీ అనకుండా తినేస్తే చాలు, దేవుడా, అబద్ధమైనా సరే బాగుందని చెప్తే చాలు అనుకున్నాను.

నానమ్మ తలెత్తింది. "ఉప్పు మర్చినవు బిడ్డా. జర ఇటియ్యి" అంది.

నా ప్రాణం పోయింది. అంతా అయిపోయింది అనుకున్నాను. అమ్మ గంటె పట్టుకుని కదలకుండా నానమ్మను చూస్తోంది. చూసి చూసి, ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఉప్పు డబ్బా తెచ్చి నానమ్మ ముందు పెట్టి, "నీ ముంగట వండితే నా చేతికి ఉప్పు యాదికి రాదు అత్తమ్మా" అంది. నానమ్మ, "నా మొకమే అట్లాంటిది, ఉప్పు గూడ భయపడి దాక్కుంటది" అంది. తాత నవ్వాడు. మేనమామ నవ్వు ఆపుకుని గోడ వైపు చూశాడు.

మాట అదే. ఉప్పు లేదన్న మాటే. ఆ మాట ఇంతకుముందు ఒక ఇల్లు విరిచింది. ఇప్పుడు అదే మాటకు అమ్మ నవ్వింది. నానమ్మ మౌనం నేర్చుకోలేదని, అబద్ధం కూడా నేర్చుకోలేదని, లోపల ఏదో మారి గొంతుతో పాటు బయటికి వచ్చిందని చెప్పడానికి నాకు అప్పుడు మాటలు లేవు. నాకు తెలిసిందల్లా ఆ అన్నం గబగబా తినేశానని.

అయినా అమ్మ రాలేదు. మూడు గంటల బండికి నానమ్మ, నేను తిరిగి వచ్చాము. వాకిలి దాకా వచ్చి సాగనంపింది అమ్మ. దారంతా ఏడ్చాను. నానమ్మ ఓదార్చలేదు. రైల్లో కిటికీ పక్క చోటు నాకిచ్చి, తాను కూడా ఏడ్చింది. మరునాడు ఈస్టరు. నానమ్మ లేచి ప్రభు బల్ల దగ్గరికి పోయింది. డిసెంబరు తర్వాత అదే మొదటిసారి. ఆమె పక్కన అమ్మ నిలబడే చోటు ఖాళీగా ఉంది. నానమ్మ ఆ చోటు వదిలే మోకరించింది.

జూన్ ఏడు, ఆదివారం సాయంత్రం, బడి తెరవడానికి ముందు రోజు, అమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. నాయన కూడా పోలేదు. మేనమామ పెట్టె మోసుకుని ముందు నడిచాడు. చెల్లెలు అప్పటికి నడక నేర్చింది. మా గడప తన కాళ్లతో దాటింది. నూట అరవై ఒక్క రోజులు. ఆదివారం పోయిన మనిషి ఆదివారం వచ్చింది కనుక సరిగ్గా ఇరవై మూడు వారాలు. ఎందుకు వచ్చావని చాలా ఏళ్ల తర్వాత, నాకు పెళ్లయ్యాక, అమ్మను అడిగాను. "రమ్మని అడగలే గద ఆమె. అడిగితే రాకపోదును" అంది.

నానమ్మ పూర్తిగా మారిపోయిందని రాస్తే మళ్లీ తప్పుడు లెక్క అవుతుంది. ఆ తర్వాత పదమూడేళ్లు బతికింది. నోరు జారేది. జారిన రోజే పొద్దు వాలకముందు వెళ్లి ఒప్పుకునేది. ప్రతి ఏడూ శ్రమల దినాల్లో, ఒకసారి అయిపోయిన పని అనుకోకుండా, మళ్లీ మొదటి నుంచి మోకాళ్ల మీద పడేది. నాకు ఆమె చీరలు ఇవ్వలేదు, నగలు ఇవ్వలేదు. ఆమె తనను తాను బాగుచేయమని దేవుణ్ణి అడుక్కున్న ప్రతి ఉదయమూ మా అందరికీ వచ్చింది. నా తల్లికి ఇల్లు అలా వచ్చింది. నాకు తల్లి అలా వచ్చింది.

నాకూ నానమ్మ నోరే వచ్చింది. తేదీలూ లెక్కలూ పట్టుకుని ఎదుటి మనిషిని నిలదీసే నోరు. కోడలు ఆఫీసు నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే ఆ పావుగంటను మూడు రోజులు మోయగలను నేను. అందుకే సాయంత్రం ఆరున్నరకు, ఆమె ఇంకా దారిలో ఉండగానే, నా గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంటాను. ఆమెను మార్చమని అడగను. నన్ను అడుగుతాను. కొన్ని రోజులు పని జరుగుతుంది. కొన్ని రోజులు జరగదు, అప్పుడు ఆమె అన్నం తినకముందే వెళ్లి ఒప్పుకుంటాను. "అయ్యో, ఏమన్నారని అత్తయ్యా, నేను మర్చిపోయానండి" అంటుంది. మర్చిపోలేదని నాకు తెలుసు. మర్చిపోవాలని ఆమె అనుకోవడమే నాకు చాలు.

జూన్ ఏడు సాయంత్రం అమ్మ కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాక నేను వాకిట్లోనే ఉండిపోయాను. లోపల ఇద్దరూ మాట్లాడుకోవడం వినపడింది. ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరి మాట, మధ్యలో చెల్లెలి అరుపు, మళ్లీ మాటలు. ఎంతసేపు విన్నానో తెలియదు. ఏమి మాట్లాడుకున్నారో ఒక్క ముక్క గుర్తులేదు. ఇన్ని తేదీలు గుర్తున్న నాకు ఆ మాటలు ఎందుకు గుర్తులేవని చాలా ఏళ్లు బాధపడ్డాను. భయం లేకుండా విన్న మాటలు కనుక పట్టిపెట్టుకోలేదేమో. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. ఆ రెండు గొంతులు అలా కలిసి వినపడితే ఎలా ఉండేదో మాత్రం ఒంట్లో ఉండిపోయింది. నా కోడలు వంటింట్లోంచి నాతో ఏదో చెప్తూ, నేను జవాబు చెప్తూ, ఇద్దరం ఏమంటున్నామో గమనించుకోనంత మామూలుగా ఉన్న పూట, అది మళ్లీ ఒక్క క్షణం వినపడుతుంది.